పీఠం మీద రెండు చేపలు

అరితీతా పిల్లలకు రొట్టెల కథ చెప్పని ఏడాది లేదు.

గుడి పక్కన మొగలి ఆకులు కప్పిన పాక, కింద తెల్లటి పగడపు గులకరాళ్ళు, వాటి మీద చాపలు, చాపల మీద ఒకరినొకరు గిల్లుకుంటూ పిల్లలు. మొదటి సత్ప్రసాదం అందుకునే ముందు ఏడాదంతా వాళ్ళు ఆమె చేతి కిందే ఉండేవారు. ప్రార్థనలు నేర్పేది, పాటలు నేర్పేది, ముక్కులు తుడిచేది, తలలో పేలు చూసేది. పసిఫిక్ సముద్రంలోని నొనౌతి దీవిలో ఆ ఊరివాళ్ళు సగం మంది ఆమె దగ్గరే శిలువ గుర్తు వేసుకోవడం నేర్చుకున్నారు. పెద్దవాళ్ళై పిల్లల్ని కన్నాక కూడా దారిలో ఆమె ఎదురైతే తమ చేతులు శుభ్రంగా ఉన్నాయో లేదో ఒకసారి చూసుకునేవారు. 'నే అరితీతా' అని, 'అమ్మగారూ' అన్నంత మర్యాదగా పలకరించేవారు. పిల్లలకు మాత్రం ఆమె మామ్మే.

పొడుగ్గా, సన్నగా ఉండేది. గొంతు కాస్త బొంగురు. పిల్లలు లేరు. పెళ్ళైన కొత్తలోనే భర్త తముయేరాను సముద్రం తీసుకుపోయింది. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తినవాళ్ళను నవ్వి పంపించేసింది. పగడపు దిబ్బ లోపలి మడుగు వైపు ఒక చిన్న ఇల్లు, ఇంటి వెనక ఒక సీమపనస చెట్టు, ఆదివారాలు గుడి ఊడవడం, మిగతా రోజులు పిల్లలు. అదీ ఆమె బతుకు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. బావుల్లో నీళ్ళు ఉప్పెక్కాయి. కొబ్బరికాయలు పిడికిలంత కూడా పెరగకుండానే రాలిపోయాయి. గుంటల్లో చేమ ఆకులు పసుపు పచ్చగా వాలిపోయాయి. వీటన్నిటికీ తోడు, రాజధాని దీవి తరావా నుంచి బియ్యం, పిండి, పంచదార తెచ్చే ఓడ ఇంజను పాడై అక్కడే ఆగిపోయిందని రేడియోలో చెప్పారు. ఇదుగో వస్తుంది, అదుగో వస్తుంది అన్నారు గానీ రాలేదు. పెట్రోలు కూడా అదే ఓడలో రావాలి కాబట్టి మోటారు పడవలు ఇసుకలో బోర్లా పడుకున్నాయి. తెడ్డు పడవలు పగడపు దిబ్బ దాటి దూరం పోలేవు. దగ్గర్లో దొరికే చేపలు చిన్నవి, కొద్దివి.

కష్టం వస్తే జనం దగ్గరవుతారని అంటారు. ఆ ఊళ్ళో అలా జరగలేదు. అక్కడ బుబుతి అని ఒక పద్ధతి ఉంది. చుట్టమో పొరుగువాడో వచ్చి, నీ దగ్గరున్న ఫలానాది నాకు కావాలి, బుబుతి అంటే, లేదనకూడదు. లేదన్నవాడికి ఊళ్ళో తల ఎత్తుకోవడం కష్టం. రోజులు బాగున్నప్పుడు అది అందరికీ హాయిగానే ఉంటుంది. ఈసారి మాత్రం, ఏమీ లేనివాళ్ళు, వెళితే అడగడానికే వచ్చారనుకుంటారని ఎవరింటికీ వెళ్ళడం మానేశారు. కాస్తో కూస్తో ఉన్నవాళ్ళు, ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని పొయ్యిలు ఇంటి వెనక్కి మార్చుకున్నారు. సాయంత్రాలు సామూహిక భవనంలో చేరి కబుర్లు చెప్పుకునే జనం, చీకటి పడకుండానే తెరలు దించుకుని కూర్చునేవారు. అరితీతా కూడా అంతే. తన దగ్గర మొగలిపండ్ల తాండ్ర ఒక డబ్బాడు ఉంది. దాన్ని పెట్టె అడుగున, పండగ బట్టల కింద పెట్టుకుంది.

అలాంటి రోజుల్లో రొట్టెల కథ చెప్పే వారం వచ్చింది.

"ప్రభువు వెనకాల జనమే జనం," అని మొదలుపెట్టింది అరితీతా. "ఎంతమంది? మన దీవిలో వాళ్ళందర్నీ కలిపినా అంతమంది ఉండరు. అందర్నీ పచ్చగడ్డి మీద కూర్చోమన్నాడు."

"అంత గడ్డి ఎక్కడిది మామ్మా?" అన్నాడొకడు.

"వాళ్ళ ఊళ్ళో వాన పడుతుంది."

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అంతకన్నా పెద్ద అద్భుతం ఇంకేముంటుందన్నట్టు.

"అక్కడ ఒక్క పిల్లాడి దగ్గరే తిండి ఉంది. ఐదు రొట్టెలు, రెండు చేపలు."

"రొట్టెలెక్కడివి? వాళ్ళకి ఓడొచ్చిందా?" అంది కినాయి. రుతియానా పెద్దకూతురు. ముందు పళ్ళు రెండూ ఊడి, నోరంతా కిటికీలా ఉండేది. అందరూ నవ్వారు.

"వాళ్ళ నేలలోనే గోధుమలు, యవలు పండుతాయే. ఓడ అక్కర్లేదు. సరే, విను. ఆ పిల్లాడు ఉన్నదంతా ప్రభువు చేతిలో పెట్టేశాడు. ప్రభువు ఆకాశం వైపు చూసి దీవించాడు. తుంచి ఇచ్చాడు. పంచారు, పంచారు, పంచుతూనే ఉన్నారు. అందరూ కడుపునిండా తిన్నారు. ఇంకా పన్నెండు బుట్టలు మిగిలాయి."

"కడుపునిండా అంటే?" అంది కినాయి. "ఇంక వద్దు అనేంతా?"

"ఇంక వద్దు అనేంత."

ఒక పిల్లాడు గుటక వేసిన చప్పుడు అరితీతాకు వినిపించింది. ఏటా ఈ చోటికి వచ్చేసరికి పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఈసారి ఆ మాటలు తన నోట్లోంచి వచ్చినందుకే ఆమెకు ఏదోలా అనిపించింది. తొందరగా పాట ఎత్తుకుంది.

ఇంటికి వెళ్ళేటప్పుడు కినాయి ఆమె పక్కనే నడిచింది.

"ప్రభువు ఇప్పుడెక్కడ ఉంటాడు మామ్మా?"

"తెలీదా? గుళ్ళో, మందసంలో. ఎర్రదీపం పక్కన."

"ఎప్పుడూ ఉంటాడా?"

"ఎప్పుడూ."

"మనం పడుకున్నాక కూడానా?"

"పడుకున్నాక కూడా. వెళ్ళు, అమ్మ చూస్తూ ఉంటుంది."

ఆ శనివారం సాయంత్రం రుతియానా ఇంటి దగ్గర పెద్ద గొడవ వినిపించింది. మొగుడు పొద్దంతా తెడ్డువేసి పట్టుకొచ్చిన చేపలు, ఉడకబెట్టిన సీమపనస ముక్కలు, ఆమె బావికి వెళ్ళివచ్చేలోగా మాయమయ్యాయట. పక్కింటి తెబోరా కుక్క ఎత్తుకుపోయిందని రుతియానా. మా కుక్క నడవలేక పడి ఉంటే దాని మీద నింద వేస్తావా అని తెబోరా. అరితీతా తన ఇంట్లో కూర్చుని అంతా విన్నది. వెళ్ళి చూద్దామా అనుకుంది. వెళితే ఏమైనా పట్టుకెళ్ళాలి. వెళ్ళలేదు.

ఆదివారం తెల్లవారి, చీపురు తీసుకుని గుడి తలుపు తీసింది. బలిపీఠం మీద, తెల్లగుడ్డ మధ్యలో, కొబ్బరాకు బుట్ట ఒకటి ఉంది. పిల్లచేతులు అల్లిన బుట్ట. ఒకవైపు వదులు, ఒకవైపు బిగుతు. దాని మీద అరటాకు ముక్క కప్పి ఉంది. గుడ్డ మీదంతా చీమల బారు. పీఠం కాళ్ళ దగ్గర శంఖుపీతలు టకటకా పాకుతున్నాయి. ఆకు ఎత్తి చూసింది. సీమపనస ముక్కలు ఐదు, చీమలు పట్టి నల్లగా ఉన్నాయి. చేపలు రెండు. వాటిలో ఒకదానికి తల, ముల్లు మాత్రమే మిగిలాయి. రెండోది పీతలు లాగి సగం తిన్నాయి.

ఎవరు పెట్టారో ఆమె ఎవర్నీ అడగక్కర్లేదు.

మొదట ఆమెకు వచ్చిన ఆలోచన ఇంటికి పరుగెత్తడం. పెట్టె అడుగున తాండ్ర ఉంది. చెట్టున ఒక కాయ ఉంది. బుట్ట నింపి పెడితే పిల్ల వచ్చి చూసుకుంటుంది, సంతోషపడుతుంది. ఆ తరవాత? వచ్చే వారం పిల్లలందరూ తలా ఒక బుట్టతో వస్తారు. ఇళ్ళల్లో ఉన్న ఆఖరి ముద్ద కూడా తెచ్చి ఇక్కడ పెడతారు. చీపురు పట్టుకుని అక్కడే నిలబడింది.

ఈలోగా బయట గులకరాళ్ళ మీద చిన్న పాదాల పరుగు వినిపించింది. కినాయి. తల దువ్వుకుని, మొహం కడుక్కుని, ఆదివారం గౌను వేసుకుని వచ్చింది. గుమ్మంలోనే ఆగి, బుట్టను చూసింది. పీఠం చుట్టూ చూసింది. బల్లల కింద చూసింది. మందసం వైపు చూసింది.

"మిగతావి ఏవి మామ్మా?"

అరితీతా చేతిలోని ఆకును పీఠం మీద పెట్టింది.

"లోపల దాచావా?"

"లేదు తల్లీ."

పిల్ల దగ్గరికొచ్చి బుట్టలోకి తొంగి చూసింది. ఏడవలేదు. కనుబొమలు ముడిచి ఆలోచించింది.

"నేను సరిగ్గానే లెక్కపెట్టాను. ఐదూ, రెండూ. చేపలు చిన్నవని చెయ్యలేదా? అవి రొట్టెలు కాదనా?"

"చేపలు మంచివే. అన్నీ సరిగ్గానే పెట్టావు."

"మరి?"

చీపురు గోడకు ఆనించి అరితీతా నేల మీద కూర్చుంది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని మాట, పళ్ళూడిన ఆ పిల్లకు చెప్పింది.

"మా ఆయన పడవ వేసుకుని వెళ్ళి రాలేదని నీకు తెలుసుగా. అప్పుడు నేనూ ఇక్కడికే వచ్చాను. ఇదే పీఠం. రోజూ వచ్చి, ఆయన్ని నాకిచ్చెయ్యి, ఇచ్చెయ్యి అని అడిగాను."

"ఇచ్చాడా?"

"ఇవ్వలేదు."

"నీకు కూడా చెయ్యలేదా!" కినాయి ఆమె మొహంలోకి చూసింది. "కోపం రాలేదా?"

"రాకేం? చాన్నాళ్ళు గుడి గడప తొక్కలేదు."

"మరి మళ్ళీ ఎందుకొచ్చావు?"

"అప్పటి ఫాదర్‌గారు మీలాంటి పిల్లల్ని కొందర్ని మా ఇంటికి పంపించారు. వీళ్ళకి ముక్కు తుడిచేవాళ్ళు లేరమ్మా, కాస్త నువ్వు చూడు అన్నారు. తుడుస్తూ ఉండిపోయాను."

కినాయి తన చెయ్యి తీసి ఆమె మోకాలి మీద పెట్టింది. "పోన్లే మామ్మా," అంది పెద్దదానిలా. కాసేపటికి మళ్ళీ, "కానీ ఆ పిల్లాడికి చేశాడుగా," అంది.

"చేశాడు."

"ఎందుకని?"

అరితీతా ఖాళీ గుడిని చూసింది. బల్లలు, కిటికీలోంచి పడుతున్న పొద్దుటి ఎండ, పీతలు. తనకు తెలిసింది చెప్పాలి, తెలియంది చెప్పకూడదు అనుకుంది. "నాకు అంతా తెలీదు కినాయీ. ఒకటి మాత్రం తెలుసు. ఆ రోజు అక్కడ జనం కూర్చుని ఉన్నారు, ఆకలితో, పక్కపక్కనే. నువ్వేమో ఎవరూ లేని గుళ్ళో పెట్టి వెళ్ళిపోయావు. ఇక్కడ తినేవాళ్ళెవరు, పీతలు తప్ప?"

"జనం ఉండాలన్నమాట," అంది కినాయి మెల్లగా.

ఆ మాట పిల్ల మనసులో ఎక్కడ నాటుకుందో ఆమె గమనించలేదు. అప్పటికే గుమ్మంలో రుతియానా నిలబడి ఉంది, చంకలో చంటాడితో. వెనక ఆదివారం ప్రార్థనకు వస్తున్న జనం. ముందు బుట్టను చూసింది, తరవాత కూతుర్ని, ఆ తరవాత అరితీతాను.

"ఇవి నా చేపలు," అంది.

"రుతియానా, నేను చెప్తా..."

"ఏం చెప్తారు? మీరు చెప్పబట్టే కదా ఇదంతా! మీ కథలు విని ఇది ఇంట్లో ఉన్నదంతా తెచ్చి పీతలకు పెట్టింది. నా పిల్లలు రాత్రి నీళ్ళు తాగి పడుకున్నారు. మా మావ ముసలాయన, నాకు ఆకలిగా లేదమ్మా అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అంత అబద్ధం ఆయన ఎప్పుడూ ఆడలేదు!"

ఉపదేశి బౌరో కంగారుగా ముందుకొచ్చాడు. ఫాదర్ లేని ఆదివారాలు ప్రార్థన నడిపించేది ఆయనే. "రుతియానా, నెమ్మది. దేవుడి గుళ్ళో అరవకూడదమ్మా."

"దేవుడి గుళ్ళోనే కదా నా చేపలు పోయింది!"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో రుతియానా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కూతుర్ని కొట్టడానికి చెయ్యి ఎత్తింది. అరితీతా మధ్యలోకి వచ్చింది.

"దాన్ని అనకు. తప్పు నాది. ఆకలితో ఉన్న పిల్లలకి తిండి కథ చెప్పి, మిగతాది చెప్పడం మర్చిపోయాను. ఇవాళ సాయంత్రం మీ ఇంటిల్లిపాదీ మా ఇంట్లో తినండి."

"మీ దగ్గరేముందని పెట్టడానికి?"

"ఉన్నది పెడతా."

రుతియానా ఎత్తిన చెయ్యి దించింది. బుట్ట తీసుకుని బయటికి వెళ్ళి చీమలు దులుపుతూ కూర్చుంది. ప్రార్థన మొదలైంది. ఆ రోజు బౌరో ఏం చదివాడో అరితీతా చెవికెక్కలేదు.

మధ్యాహ్నం ఆటుకు నీళ్ళు వెనక్కి తగ్గాక ఆమె మడుగులోకి దిగి, ఇసుకలో వేళ్ళు పెట్టి గుల్లలు ఏరింది. నడుం పట్టేసింది. ఒక బొచ్చెడు దొరికాయి. చెట్టున ఉన్న సీమపనస కాయ కోసి నిప్పుల్లో పెట్టింది. పెట్టె తెరిచి తాండ్ర డబ్బా తీసింది. ఒక్క ఇంటివాళ్ళే కాబట్టి సరిపోతుంది, తాను తినకపోయినా ఫరవాలేదు అనుకుంటూ చాపలు పరిచింది.

పొద్దు వాలుతుండగా ముందుగా వచ్చింది రుతియానా కాదు, ఊరి పెద్దాయన తెకినైతి. చంకలో చాప, చేతిలో సత్తు పళ్ళెం.

"నే అరితీతా, ఎక్కడ కూర్చోమంటావు?"

"ఏం పెద్దయ్యా, ఇలా వచ్చారు?"

"భోజనానికి పిలిచి, ఏమిలా వచ్చారంటావేం?"

"నేను పిలిచానా?"

"నువ్వు కాదు, ఆ పళ్ళు లేని పిల్ల వచ్చి చెప్పింది. ఊరందరికీ నీ ఇంట్లోనే అంది. నా చెవులు అంత పాడవలేదులే."

అరితీతా రోడ్డు వైపు చూసింది. కొబ్బరి చెట్ల మధ్య నుంచి జనం వస్తున్నారు. బౌరో, ఆయన భార్య. తెబోరా, ఆమె కుంటి కుక్క. చిన్నపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు. చంటాడితో రుతియానా, వెనక మొగుడు, ముసలి మావ. అందరి ముందూ, జ్ఞానోపదేశం పిల్లల్ని వెంటేసుకుని కినాయి.

"అందర్నీ తెచ్చాను మామ్మా!" దూరం నుంచే అరిచింది. "మనకి గడ్డి లేదుగా, అందుకని ఎవరి చాప వాళ్ళే తెచ్చుకోమన్నాను!"

చాపలు పడ్డాయి. ముంగిలి నిండిపోయింది. ఎవరూ ఎవరి మొహం చూడట్లేదు. చాలామంది చేతుల్లో ఏదో ఒకటి ఉన్నట్టే ఉంది గానీ, పైకి తియ్యడానికి ముందు ఎవరు తీస్తారా అని చూస్తున్నారు. ముందు తీస్తే, ఇన్నాళ్ళూ దాచుకున్నావా అన్నమాట వస్తుంది. అరితీతా గుల్లల గిన్నె పట్టుకుని వాళ్ళ మధ్య నిలబడింది. క్షమించండి, ఇది ఒక్క ఇంటికే అని చెప్పబోయింది. ఆ వయసులో, ఆ నలుగురిలో, ఏడుపొచ్చేలా ఉంది.

అప్పుడు రుతియానా లేచింది. చంటాడిని మొగుడి ఒళ్ళో పడేసి, నడుముకున్న గుడ్డ బిగించి, అరితీతా చేతిలో గిన్నె తీసుకుంది.

"మీరు కూర్చోండి," అంది. పొద్దున్న అరిచిన గొంతే, కానీ అందులో ఆ చేదు లేదు. తిరిగి జనం వైపు చూసింది. "తెబోరా! నీ ఇంట్లో ఉప్పుచేప ఉంది. వారం రోజులుగా ఆ వాసనకి నాకు నిద్ర పట్టట్లేదు. బుబుతి!"

అందరి ఎదురుగా అడిగేశాక ఇంక తప్పదు. తెబోరా మొహం ఎర్రబడింది. ఒళ్ళోని గుడ్డ కింద నుంచి ఆకు పొట్లం తీసి చాప మీద పెట్టింది.

"తెచ్చానే తల్లీ. నువ్వు అడిగేదాకా ఆగుదామని."

ఎవరో ఫక్కున నవ్వారు. ఈసారి నవ్వు వేరు.

"బౌరోగారూ, మీ ఇంటి వెనక పొగ రోజూ ఎందుకొస్తుందో ప్రభువుకీ తెలుసు, నాకూ తెలుసు. బుబుతి!"

"చేమ దుంపలు. చిన్నవమ్మా," అన్నాడు ఉపదేశి తల దించుకుని. ఆయన భార్య అప్పటికే సంచీ విప్పుతోంది.

"నన్నడగవేం?" అన్నాడు తెకినైతి. "ముసలాడి దగ్గర ఏముంటుందిలే అనా?" తన పళ్ళెం అడుగున తువ్వాల విప్పితే ఎండబెట్టిన ఆక్టోపస్ కాలు ఒకటి. "పళ్ళు లేవు. నమల్లేక దాచుకున్నా."

అందరూ నవ్వుల్లో ఉండగా, రుతియానా మొగుడు తాపీగా అన్నాడు. "మరి ఆ కొబ్బరికల్లు పాకం సీసా సంగతేమిటే? మీ అమ్మ పంపింది, పైకప్పు ఆకుల్లో దూర్చావే? బుబుతి!"

రుతియానా నోరు తెరుచుకుని ఉండిపోయింది. జనం కడుపులు పట్టుకుని నవ్వారు. "అది చంటాడికి జ్వరమొస్తే ఉంటుందని..." అంటూ తనూ నవ్వేసింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. కినాయిని ఇంటికి పరుగెత్తించింది.

అన్నీ చాపల మధ్య పోగేశారు. చూస్తే పెద్ద పోగేం కాదు. బౌరో నిలబడి ప్రార్థన మొదలుపెట్టాడు. అది సాగుతూ ఉంటే తెకినైతి, "చాల్లే బౌరో, ఆయనకి తెలుసు, పిల్లలు చూస్తున్నారు," అన్నాడు. ఆమెన్ అన్నారు.

పంచడానికి అరితీతా ఆ వంకర బుట్టనే తెప్పించి కినాయి చేతికిచ్చింది. పిల్ల ఒక్కొక్కరి ముందూ ఆగి, బుట్టలో తీసి పెట్టింది. ఖాళీ అయితే వచ్చి మళ్ళీ నింపుకుని వెళ్ళింది. తన తాత ముందు ఆగినప్పుడు, "ఇప్పుడు ఆకలిగా ఉందా?" అని అడిగింది. "ఇప్పుడుందమ్మా," అన్నాడాయన. రుతియానా మొహం పక్కకు తిప్పుకుంది.

తలా ఒక పిడికెడు వచ్చింది. ఎవరికీ కడుపు నిండలేదు. పిల్లలు వేళ్ళు నాకారు. అయినా ఎవరూ లేవలేదు. సముద్రం మీద నుంచి గాలి తిరిగింది. తెబోరా, రుతియానా ఒకే చాప మీద కూర్చుని కుక్క సంగతి మాట్లాడుకుంటున్నారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. చాలా రోజుల తరవాత ఆ ఊళ్ళో పాట వినపడింది.

కినాయి మాత్రం చాపల మధ్య తిరిగి ముళ్ళు, గుల్లల చిప్పలు ఏరి, వచ్చి అరితీతా పక్కన చతికిలబడింది.

"పన్నెండు బుట్టలు లేవు మామ్మా. ఒక్క బుట్ట కూడా లేదు."

"లేదు."

"అయితే ఇది అద్భుతం కాదు."

అవును, అద్భుతమే, చూడు అందరూ ఎలా నవ్వుతున్నారో అని చెప్పొచ్చు. పెద్దవాళ్ళు చెప్పే మాటే అది. పొద్దున్న బుట్టలోకి తొంగి చూసిన ఆ మొహం గుర్తొచ్చి అరితీతా ఆ మాట అనలేదు.

"కాదేమో," అంది.

కినాయి ఒప్పుకున్నట్టు తల ఊపింది. ఆమె భుజానికి ఆనుకుని కాసేపు పాట విన్నది. తరవాత లేచి కూర్చుని, "రేపు మళ్ళీ పిలవనా?" అంది.

"రేపు మా ఇంట్లో ఏం లేదే!"

"మీ ఇంటికి కాదు. తెబోరా అత్త ఇంటికి."

అలా మొదలైంది. రోజూ కాదు గానీ, వీలైనప్పుడల్లా ఒక్కొక్కరి ముంగిట చేరేవారు. ఒకసారి గుల్లల నీళ్ళు తప్ప ఏమీ లేవు, అవే తాగారు. పొయ్యిలు మళ్ళీ ఇళ్ళ ముందుకొచ్చాయి. తెడ్డు పడవల వాళ్ళు జట్టుగా వెళ్ళి, వల కలిపి వేసి, కాస్త ఎక్కువే తెచ్చారు. ఓడ చివరికి వచ్చింది. పిండి బస్తాలు దించుతుంటే పిల్లలు బడి ఎగ్గొట్టి ఒడ్డున నిలబడ్డారు. ఆ పిండితో అరితీతా ఇనప డబ్బాలో రొట్టెలు కాల్చి తరగతి పిల్లలకు పంచింది. కినాయి తనకిచ్చిన రొట్టె సగం తిని, పొట్ట పట్టుకుని, "ఇంక వద్దు," అంది. చుట్టూ చూసి, మళ్ళీ గట్టిగా అంది, "ఇంక వద్దు!" అందరికీ వినపడాలని.

వాన ఆ తరవాత ఎన్నాళ్ళకో పడింది, ఆదివారం ప్రార్థన మధ్యలో. రేకు మీద మొదటి చినుకుల చప్పుడుకే జనం లేచి గిన్నెల కోసం పరుగెత్తారు. బౌరో ఒక్కడే చివరిదాకా చదివి, శిలువ గుర్తు వేసుకుని, అప్పుడు పరుగెత్తాడు. అరితీతా అందరికన్నా ముందే వెళ్ళిపోయింది.

ఆ తరవాత కూడా ఆమె చాలా ఏళ్ళు పిల్లలకు చెప్పింది. కళ్ళు మసకబారాక కూడా. రొట్టెల కథ చెప్పే రోజు ఏదో ఒకటి వండి తెచ్చేది. ముందు పిల్లలు తినేవారు, తరవాతే కథ. కథలో మాత్రం ఒక మార్పు వచ్చింది. ఆ పిల్లాడు ఉన్నదంతా ప్రభువు చేతిలో పెట్టేశాక, వాళ్ళమ్మ వాణ్ణి వెతుక్కుంటూ వస్తుంది. చంకలో చంటిపిల్ల. ఇంట్లో వాళ్ళంతా పస్తు, తిండంతా ఏం చేశావురా అని అందరి ముందూ కేకలేస్తుంది. ప్రభువు ఆమె అరవడం అయ్యేదాకా వింటాడు. ఆ తరవాత ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టి, తుంచిన మొదటి ముక్క ఆమెకే ఇస్తాడు.

ఒకసారి తరావా నుంచి కొత్తగా వచ్చిన కుర్ర ఫాదర్ పాక బయట నిలబడి ఇదంతా విన్నాడు. పిల్లలు వెళ్ళిపోయాక, ఆమె నొచ్చుకోకుండా చెప్పాలని, నవ్వుతూ అన్నాడు.

"కథ బాగుంది నే అరితీతా. కానీ ఆ తల్లి సువిశేషంలో ఎక్కడా లేదు కదమ్మా."

అరితీతా చాపలు చుట్టుకుంటూ ఆయన వైపు తిరిగింది.

"రాయలేదంతే ఫాదర్. చిన్నపిల్లాడికి తిండి కట్టి పంపిన అమ్మ ఒకతె ఉండకుండా ఉంటుందా?"